కమిట్ ఖాళీ అయితే గిట్ ఏం చేస్తుంది?

ప్రశ్న: రైస్ మిల్లు లెక్కల సాఫ్ట్‌వేర్ మీద ముగ్గురం పనిచేస్తున్నాం. నా బ్రాంచిని మెయిన్ మీదికి రీబేస్ చేస్తే రెండు కమిట్లు మాయమయ్యాయి. టెస్టులు మళ్లీ నడవాలని ఊరికే వేసిన ఖాళీ కమిట్ మాత్రం అట్లనే ఉంది. ఎందుకిలా?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కోడ్ మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేరే గిట్. అందులో నమోదైన ఒక్కో మార్పు ఒక కమిట్. మీ బ్రాంచిలోని కమిట్లను అందరి కోడ్ ఉండే మెయిన్ బ్రాంచి చివరన ఒక్కొక్కటిగా మళ్లీ పేర్చడమే రీబేస్. మాయమైన ఆ రెండింటిలోని మార్పులు బహుశా మెయిన్‌లోకి ముందే చేరి ఉంటాయి. మీ సహచరులెవరైనా వాటిని చెర్రీ-పిక్ చేసుకున్నా (అంటే ఆ కమిట్లను మాత్రమే ఎత్తి మెయిన్‌లో పెట్టుకున్నా) చాలు.

'గిట్ కమిట్ --అలో-ఎంప్టీ'తో వేసింది పుట్టుకతోనే ఖాళీ. కావాలనే వేశారని భావించి, 2020లో వచ్చిన 2.26 వెర్షన్ నుంచి రీబేస్ దాన్ని ఉంచేస్తోంది. వద్దనుకుంటే '--నో-కీప్-ఎంప్టీ' ఇవ్వండి. అయితే అది అలాంటివన్నిటినీ ఊడ్చేస్తుంది. ఒక్కటే తీయాలంటే కమిట్ల జాబితా చూపి మనల్నే ఎంచుకోనిచ్చే 'గిట్ రీబేస్ -ఐ' మేలు: జాబితాలో ఖాళీ కమిట్ల వరుస చివర '# ఎంప్టీ' అని ఉంటుంది, ఆ వరుసలో పిక్ బదులు డ్రాప్ అని రాయండి.

మార్పులుండి, కొత్త చోట ఖాళీ అయిపోయిన కమిట్‌ను మామూలు రీబేస్ వదిలేస్తుంది. -ఐ ఇస్తే అక్కడ ఆగి మిమ్మల్నే అడుగుతుంది. అక్కర్లేకపోతే 'గిట్ రీబేస్ --స్కిప్'. కావాలంటే 'గిట్ కమిట్ --అలో-ఎంప్టీ', తర్వాత '--కంటిన్యూ'.

ఖాళీ అయినవాటినీ ఉంచమని '--ఎంప్టీ=కీప్' ఇచ్చినా కమిట్లు పోతున్నాయని చాలామంది తల పట్టుకుంటారు. అచ్చంగా అదే ప్యాచ్ (కమిట్‌లోని మార్పులు) మెయిన్‌లో కనిపిస్తే రీబేస్ పని మొదలుపెట్టకముందే దాన్ని జాబితాలోంచి తీసేస్తుంది, కీప్ దాకా విషయం రానేరాదు. తోడుగా '--రీఅప్లై-చెర్రీ-పిక్స్' కూడా ఇవ్వాలి. మెసేజ్‌లో టికెట్ నంబరో, రిలీజ్ గుర్తో ఉంటే తప్ప ఇంత శ్రమ దండగ.

భయపడాల్సింది ఇంకోచోట. కాన్‌ఫ్లిక్ట్ వచ్చినప్పుడు (రెండు వైపుల మార్పులు ఒకేచోట ఢీకొని, ఏది ఉంచాలో గిట్ మనల్ని అడిగినప్పుడు) 'అవర్స్' అంటే మన కోడే కదా అనుకుంటారు. రీబేస్‌లో అది మెయిన్ వైపుది, మీది 'థెయిర్స్'. పొరపాటున అవర్స్ తీసుకుని కంటిన్యూ కొడితే కమిట్‌లో ఏమీ మిగలకపోవచ్చు, అప్పుడది చప్పుడు లేకుండా పోతుంది. ఈసారి నిజంగానే పని పోయినట్టు. అందుకే రీబేస్ అవగానే 'గిట్ రేంజ్-డిఫ్ మెయిన్ ఒరిగ్_హెడ్ హెడ్' నడపండి, పాత కమిట్లనూ కొత్తవాటినీ పోల్చి చూపుతుంది (ఒరిగ్_హెడ్ అంటే రీబేస్‌కు ముందున్న మీ బ్రాంచి, హెడ్ అంటే ఇప్పటిది). పోయిన కమిట్ పక్కన '<' గుర్తు ఉంటుంది. అది మెయిన్‌లో ఉందని తేలాకే 'గిట్ పుష్ --ఫోర్స్-విత్-లీజ్'. లేదంటే 'గిట్ రీసెట్ --హార్డ్ ఒరిగ్_హెడ్'తో వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి.

ప్రశ్న: పెద్ద డేటాబేస్ బ్యాకప్ ఫైలు పొరపాటున రెపోలోకి (గిట్ కోడ్ నిల్వలోకి) చేరింది. పాత చరిత్రను తిరగరాసే ఫిల్టర్-రెపో టూల్‌తో తీసేస్తే కమిట్ల సంఖ్య తగ్గింది. తగ్గకుండా చేయొచ్చా?
- ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: చేయొచ్చు. ఆ ఒక్క ఫైలునే ముట్టుకున్న కమిట్లు ఖాళీ అయ్యాయి కాబట్టి పోయాయి. ఇక్కడ డిఫాల్ట్ '--ప్రూన్-ఎంప్టీ=ఆటో': కొత్తగా ఖాళీ అయినవాటినే తీస్తుంది, ముందునుంచే ఖాళీగా ఉన్నవాటి జోలికి, వాటి ముందరి (పేరెంట్) కమిట్ పోతే తప్ప, పోదు. అన్నీ ఉండాలంటే తాజాగా క్లోన్ చేసి ఇది నడపండి:

గిట్ ఫిల్టర్-రెపో --ఇన్వర్ట్-పాత్స్ --పాత్ బ్యాకప్.ఎస్‌క్యూఎల్ --ప్రూన్-ఎంప్టీ=నెవర్

అర్థం కోల్పోయిన మర్జ్ కమిట్లకు (రెండు బ్రాంచిలను కలిపే కమిట్లకు) వేరే ఆప్షన్ ఉంది, '--ప్రూన్-డీజెనరేట్=నెవర్'. ఏవి పోయాయో చూడాలంటే డాట్‌గిట్ ఫోల్డర్‌లో ఫిల్టర్-రెపో/కమిట్-మ్యాప్ తెరవండి. కొత్త హ్యాష్ (కమిట్‌ను గుర్తించే సంఖ్య) స్థానంలో అన్నీ సున్నాలుంటే ఆ కమిట్ తొలగినట్టు. ఒరిజిన్ రిమోట్‌ను (సర్వర్‌లోని అసలు రెపోకు ఉన్న లింకును) ఈ టూలే తీసేస్తుంది, పుష్‌కు ముందు మళ్లీ కలపాలి. హ్యాష్‌లు మారాయి కనుక మిగతావాళ్లు పాత క్లోన్‌లో పుల్ చేయకుండా కొత్తగా క్లోన్ చేసుకోవాలి. ఒక్కరు పాతదాన్ని మర్జ్ చేసి పుష్ చేసినా ఆ బ్యాకప్ ఫైలు తిరిగొచ్చేస్తుంది.