ఓనర్ డబ్బు కట్టేశారట, నాకు రాలేదు: ఆ ఇంటి మీద లియన్ వేయొచ్చా?

ప్రశ్న: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో టైల్స్ పని చేస్తాను, లైసెన్స్ ఉంది. ఓ మెయిన్ కాంట్రాక్టర్ కింద ఒక ఇంట్లో రెండు బాత్‌రూములకు, కిచెన్‌కు టైల్స్ వేశాను. జూన్ 2న మొదలుపెట్టి 27న ముగించాను. 18,600 డాలర్లకు మాట అయితే 6,000 ముట్టాయి. ఓనర్‌ వాళ్ళు మొత్తం కట్టేశామంటున్నారు. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం లేదు. స్నేహితుడు చెబితే జూన్ 30న ఇద్దరికీ సర్టిఫైడ్ మెయిల్‌లో ప్రిలిమినరీ నోటీస్ పంపాను. ఇంటి పనంతా జూలై 18న అయిపోయింది. ఓనర్లూ తెలుగువాళ్ళే, రోజూ టీ ఇచ్చి బాగా చూసుకున్నారు. వాళ్ళ ఇంటి మీద లియన్ వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. లియన్ అంటే మీకు రావాల్సిన బాకీకి ఆ ఇంటినే హామీగా చూపుతూ నమోదు చేసే హక్కు. అయితే బాకీ 12,600 మొత్తానికీ వర్తిస్తుందా అన్నది మీ బిల్లులు చూస్తే గానీ చెప్పలేను. మీలా మెయిన్ కాంట్రాక్టర్ కింద పనిచేసే సబ్‌కాంట్రాక్టర్ పని మొదలైన 20 రోజుల్లోపు ప్రిలిమినరీ నోటీస్, అంటే డబ్బు రాకపోతే లియన్ వేసే హక్కు తనకుందని ముందుగా తెలిపే కాగితం, ఇవ్వాలి. ఆలస్యమైతే, నోటీస్ ఇచ్చిన రోజు నుంచి వెనక్కి 20 రోజుల పనికే లియన్ హక్కు ఉంటుంది. మీరు జూన్ 30న ఇచ్చారు కాబట్టి 10వ తేదీ నుంచి చేసిన పని లెక్కలోకి వస్తుంది. అంతకుముందు పాత టైల్స్ పగలగొట్టడం, గోడలు సిద్ధం చేయడం లాంటి పనులకు లియన్ లేదు. ఆ డబ్బు కాంట్రాక్టర్ మీద మామూలు బాకీగా మిగులుతుంది. ముట్టిన 6,000 ఆ తొలి వారం పనికే అని మీ బిల్లులో ఉంటే మీకు చాలా మేలు. ఓనర్ కన్‌స్ట్రక్షన్ లోన్ తీసుకున్నారేమో కనుక్కోండి. తీసుకుని ఉంటే ఆ బ్యాంకుకు కూడా నోటీస్ వెళ్ళాల్సింది.

కట్టేసిన మనిషి మీద లియన్ ఏమిటని మీ మనసు కొట్టుకుంటోందని అర్థమైంది. గోడకు అతికించిన టైల్‌ను మీరు వెనక్కి పట్టుకుపోలేరు, ఆ విలువ ఇంట్లోనే ఉండిపోయింది. అందుకే ఈ హక్కును కాలిఫోర్నియా రాజ్యాంగంలోనే రాశారు. ఓనర్ రెండోసారి కట్టాల్సి వస్తే ఆ డబ్బు కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవచ్చు. ఏది ఏమైనా ముందు వాళ్ళతో కూర్చుని మాట్లాడండి. లైసెన్స్ ఉన్న ప్రతి కాంట్రాక్టర్‌కూ 25,000 డాలర్ల బాండ్, అంటే అతని తప్పుల వల్ల నష్టపోయినవారికి చెల్లించే హామీ, ఉంటుంది. దాని మీద మీరూ క్లెయిమ్ చేయొచ్చు, రాష్ట్ర లైసెన్స్ బోర్డుకు ఫిర్యాదూ చేయొచ్చు. ఓనర్ కూడా మీ వైపు నిలబడితే కాంట్రాక్టర్ మీద ఒత్తిడి పెరుగుతుంది.

మాటల్లో పడి తేదీలు మరచిపోతారేమోనన్నదే నా భయం. పనంతా పూర్తయ్యాక 90 రోజుల్లోపు, అంటే అక్టోబర్ 16లోపు, కౌంటీ రికార్డర్ ఆఫీసులో లియన్ నమోదు కావాలి. ఓనర్ ఈలోపే పని పూర్తయిన నోటీస్ రికార్డు చేసి ఉంటే, ఆ రికార్డు తేదీ నుంచి మీకు 30 రోజులే. కాబట్టి రేపే వెళ్ళి ఆ ఆఫీసులో వెతికించండి. నమోదుకు ముందు లియన్ కాపీ ఓనర్‌కు మెయిల్‌లో పంపాలి, పంపినట్టు రుజువు కాగితమూ జతచేయాలి. రావాల్సినదాని కన్నా ఒక్క డాలరు కూడా ఎక్కువ రాయకండి. లాయర్ ఫీజు కూడా అందులో కలపకూడదు. నమోదైతే, మన ఊళ్ళో ఈసీలో తనఖా కనిపించినట్టు, ఇల్లు అమ్మబోయినా, రీఫైనాన్స్‌కు వెళ్ళినా అది బయటపడుతుంది. నమోదైన 90 రోజుల్లో కోర్టులో దావా వేయకపోతే మాత్రం ఆ లియన్ చెల్లదు.

లియన్ సంగతి చెవిన పడగానే కాంట్రాక్టర్ చెక్కుతో వచ్చి ఓ రిలీజ్ కాగితం మీద సంతకం అడగొచ్చు. దాని పేరు చదవండి. ‘కండిషనల్’ అని ఉంటే చెక్కు పాసైతేనే మీ హక్కు వదులుకున్నట్టు. ‘అన్‌కండిషనల్’ అయితే సంతకం పెట్టిన క్షణమే వదులుకున్నట్టు, తర్వాత చెక్కు బౌన్స్ అయినా లియన్ తిరిగి రాదు. డబ్బు ఖాతాలో పడేదాకా రెండోదాని మీద సంతకం పెట్టకండి.

పోస్టాఫీసు రసీదులు, బిల్లులు, రోజువారీ ఫోటోలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఈ వారంలోనే అక్కడి కన్‌స్ట్రక్షన్ లాయర్‌ను కలవండి. పని జరిగినన్ని రోజులూ మీ లైసెన్స్ చెల్లుబాటులో ఉందన్న కాగితం కూడా అందులో పెట్టండి. అది లేకపోతే ఈ హక్కులేవీ నిలవవు.