ముక్కలు లెక్కపెడితే తప్పా?

ప్రశ్న: సార్, మా బావమరిది డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. లాంగ్ వీకెండ్‌కి ఫ్రెండ్స్‌తో లాస్ వేగాస్ వెళ్లి బ్లాక్‌జాక్ అనే పేకాట ఆడుతుంటే, సూటు వేసుకున్న ఒకాయన వచ్చి, 'మీరు మాకంటే బాగా ఆడుతున్నారు, ఇక బ్లాక్‌జాక్ వద్దు, వేరే ఏదైనా ఆడుకోండి' అన్నాడట. వీడు ముక్కలు లెక్కపెడుతున్నాడట. మోసం చేసి దొరికిపోయాడేమోనని మా అత్తగారికి ఒకటే టెన్షన్. ఇది నేరమా? అసలు అన్ని కట్టల ముక్కలు ఎవరికైనా ఎలా గుర్తుంటాయండీ?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు మీ అత్తగారిని భోంచేసి పడుకోమనండి. అబ్బాయి మోసమేమీ చేయలేదు. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో బుర్రతో లెక్కపెట్టుకుని ఆడటం నేరం కాదు. ఫోన్‌లోనో, జేబులో దాచుకున్న యంత్రంతోనో లెక్క కడితే మాత్రం నేరమే, దానికి 1985లోనే విడిగా చట్టం చేశారు. అయితే క్యాసినో ప్రైవేటు వ్యాపారం. మా దగ్గర ఆడొద్దు అని చెప్పే హక్కు అక్కడ వాళ్లకి ఉంది. ఆ సూటాయన వాడుకున్నది దాన్నే.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: చేతిలో ముక్కల మొత్తం 21 దాటకుండా, క్యాసినో తరఫున ముక్కలు పంచే డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకోవాలి; బొమ్మకి పది, ఆసుకి పదకొండో ఒకటో. ఇక గుర్తుపెట్టుకోవడం సంగతి. అందరూ పొరబడేది ఇక్కడే. ఆరు కట్టలు, అంటే 312 ముక్కలు, ఎవడికీ గుర్తుండవు, ఉండక్కర్లేదు కూడా. మనసులో ఉండాల్సింది ఒకే ఒక అంకె. రెండు నుంచి ఆరు దాకా ఏ ముక్క పడ్డా ఒకటి కలపాలి, పదో బొమ్మో ఆసో పడితే ఒకటి తీసేయాలి, ఏడు ఎనిమిది తొమ్మిదిని వదిలేయాలి. టేబుల్ మీద వరసగా నాలుగు, రాజు, ఆరు, రెండు, తొమ్మిది, ఆసు, అయిదు, మూడు పడ్డాయనుకోండి. ఒకటి, సున్నా, ఒకటి, రెండు, రెండు, ఒకటి, రెండు, మూడు. అంతే, లెక్క ప్లస్ 3. చిల్లర ముక్కలు ఎక్కువ వెళ్లిపోయాయి కాబట్టి మిగిలిన వాటిలో పదులూ ఆసులూ కాస్త చిక్కగా ఉన్నాయన్నమాట. దీన్ని ఇంకా ఎన్ని కట్టలు మిగిలాయో దానితో భాగించాలి. ప్లస్ 9 దగ్గరుండి మూడు కట్టలు మిగిలితే అసలు లెక్క 3.

పెద్ద ముక్కలు డీలర్‌కీ వస్తాయి కదా, మనకేం లాభం అంటారేమో. వస్తాయి. కానీ ఆసూ పదీ కలిసి బ్లాక్‌జాక్ మనకి పడితే పందేనికి ఒకటిన్నర రెట్లు ఇస్తారు, డీలర్‌కి పడితే మన పందెం మాత్రమే పోతుంది. పైగా చేతిలో 16 ఉన్నా డీలర్ ఇంకో ముక్క లాగి తీరాలి, మనం కావాలంటే ఆగిపోవచ్చు. పదులు ఎక్కువున్నప్పుడు ఆ లాగిన ముక్కతో అతను 21 దాటి చిత్తవుతాడు.

ఇంత చేస్తే మిగిలేదెంతో కూడా మీ బావమరిదిని అడగండి. లెక్కపెట్టకుండా, తప్పుల్లేకుండా ఆడేవాడి మీద మంచి రూల్స్ ఉన్న టేబుల్‌లో క్యాసినోకి దాదాపు అర శాతం మొగ్గు ఉంటుంది, అంటే కాసే ప్రతి వంద డాలర్లకీ సగటున అర డాలరు వాళ్లకి. ఆ భాగించిన అసలు లెక్క 3కి వస్తే అది తిరగబడి మనకి సుమారు ఒక శాతం అవుతుంది. ఒక శాతం! 25 డాలర్ల చొప్పున 100 ఆటలు ఆడితే సగటున వచ్చేది 25 డాలర్లు, అటూ ఇటూ ఊగేది మాత్రం 250, 300 డాలర్లు. కాబట్టి సరిగ్గా లెక్కపెట్టి కూడా రాత్రికి రాత్రి జేబు ఖాళీ చేసుకుని బయటికి రావచ్చు. ఆ మాట మాత్రం ఎవరూ వాట్సాప్‌లో పెట్టరు.

ఇదంతా జనంలోకి తెచ్చింది ఎడ్వర్డ్ థార్ప్ అనే లెక్కల ప్రొఫెసర్. ఎంఐటీలో ఐబీఎం కంప్యూటర్ మీద లెక్కలు కట్టి, 1961లో వేరేవాళ్లు పెట్టిన 10,000 డాలర్లతో నెవాడా వెళ్లి, ఇంకో 11,000 గెలిచి, మరుసటి ఏడాది పుస్తకం వేశాడు. క్యాసినోలు కంగారుపడి 1964లో లాస్ వేగాస్‌లో రూల్స్ బిగించాయి. దాంతో మామూలు ఆటగాళ్లు టేబుళ్ల దగ్గరికి రావడం మానేశారు, కొన్ని వారాలకే పాత రూల్స్ తిరిగొచ్చాయి. తర్వాత తెలిసిందేమిటంటే, పుస్తకం చదివి నాకూ వచ్చేసింది అనుకుని వచ్చి ఓడిపోయేవాళ్ల వల్ల క్యాసినోలకి లాభమే పెరిగింది. నిజంగా లెక్కపెట్టడం వచ్చినవాళ్లు పిడికెడు మంది, వాళ్లని ఏరి పంపేస్తే సరిపోతుంది.

ఏరడం ఎలాగంటే, పందెం చూసి. పది ఆటలు 25 డాలర్లు పెట్టినవాడు ఉన్నట్టుండి 200 పెట్టాడనుకోండి, పైన కెమెరాల దగ్గర కూర్చున్నవాళ్లు అదే లెక్క తామూ కట్టి చూస్తారు. లెక్క పెరిగినప్పుడల్లా పందెం పెరుగుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు. మీవాడి కొంప ముంచింది అదే అయ్యుంటుంది. దీన్ని తప్పించుకోవడానికి జట్లుగా ఆడేవాళ్లు వచ్చారు, ఎంఐటీ విద్యార్థులు అందులో పేరు పడ్డారు. కొందరు చిన్న పందేలతో కూర్చుని లెక్కపెడతారు, లెక్క పెరగగానే సైగ చేస్తే డబ్బున్న బాబులా ఇంకొకడు వచ్చి పెద్ద పందెం కాస్తాడు. అందుకే ఇప్పుడు చాలా టేబుళ్ల మీద మధ్యలో వచ్చి ఆడకూడదని బోర్డు. ఇవి కాక సగం ముక్కలు అయ్యేసరికే పేక కలిపేయడం, బ్లాక్‌జాక్ పడితే 10 డాలర్లకి 15 ఇవ్వాల్సిన చోట 12 ఇవ్వడం. నన్నడిగితే ఈ ఆఖరిదే పెద్ద దోపిడీ, లెక్కపెట్టని అమాయకుడి జేబు కూడా కోస్తుంది.

న్యూజెర్సీ రాష్ట్రంలోని క్యాసినోల ఊరు అట్లాంటిక్ సిటీలో కథ వేరు. కెన్ యూస్టన్ అనే ఆటగాడు కోర్టుకెళ్తే, ముక్కలు లెక్కపెడుతున్నాడని ఆటగాణ్ని వెళ్లగొట్టే అధికారం క్యాసినోకి సొంతంగా లేదని 1982లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ వెళ్లగొట్టరు, పేక మాటిమాటికీ కలిపి విసిగిస్తారు.

మీవాడికి ఒక్క మాట. ఆట వద్దన్నంత వరకు ఫర్వాలేదు. అసలు మా ఆవరణలోకే రావొద్దని చెప్పి ఉంటే మాత్రం మళ్లీ ఆ గడప తొక్కొద్దనండి, తొక్కితే అరెస్టు దాకా పోవచ్చు. వీసా మీద ఉన్నవాడైతే ఆ తలనొప్పి అసలే వద్దు.

ప్రశ్న: మన రమ్మీకి ఈ లెక్క పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: రాదండీ. రమ్మీలో ఏ ముక్క పడిందో పేరుపేరునా కావాలి, మొత్తం అంకెతో పని లేదు. మీ సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే 1967లో సుప్రీంకోర్టు, రమ్మీలో పడ్డ ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి కాబట్టి అది నైపుణ్యం ఉన్న ఆటే అంది. అలాగని డబ్బులు పెట్టి మొదలెట్టకండి, తెలంగాణ 2017లో చట్టం మార్చి నైపుణ్యం ఆటలకి జూదం చట్టంలో ఉన్న మినహాయింపు తీసేసింది.

ప్రశ్న: గోవా క్యాసినో పడవల మీద ప్రయత్నిస్తే?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: గెలిచిన దాని మీద 30 శాతం పన్ను, పైగా ఓడిన రాత్రుల నష్టం అందులో తీసేయనివ్వరు. ఒక శాతం మొగ్గులో మీకేం మిగులుతుందో మీరే వేసుకోండి.

ప్రశ్న: డబ్బు వద్దు సార్, సరదాకి నేర్చుకోవాలని ఉంది.
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఇంట్లో జోకర్లు తీసేసిన కట్ట ఒకటి చాలు. కలిపేవి 20, తీసేవి 20, వదిలేసేవి 12, కాబట్టి 52 ముక్కలూ అయ్యేసరికి సున్నాకే రావాలి. అర నిమిషంలో సున్నా వస్తుంటే టీవీ పెట్టుకుని, పక్కన ఎవరైనా మాట్లాడుతుండగా చేయండి. తర్వాత ఒక ముక్క చూడకుండా పక్కన పెట్టి మిగతా 51 లెక్కించండి. చివరికి ప్లస్ 1 వచ్చిందా, దాచింది పదో, బొమ్మో, ఆసో. తిప్పి చూసుకోండి.