ఐస్ స్కేటింగ్ బట్టలకు 46,800 ఈఎంఐ పెట్టాల్నా?

ఒక అక్క మిర్యాలగూడ నుంచి రాసింది. భర్త రైస్ మిల్లుల సూపర్‌వైజర్, తను ప్రైవేట్ స్కూల్ల టీచర్, ఇద్దరికి కలిపి నెలకు 52 వేలు వస్తయంట. ఇంటి ఖర్చులు, పాప సుకన్య 3 వేలు, పోస్టాఫీస్ ఆర్డీ 2 వేలు అన్ని పోను నెలకు 5 వేలు మిగులుతున్నయి. పాపకు 9 ఏండ్లు, బాబుకు 7. ఇద్దరు రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటున్నరు, మే నెలల డెహ్రాడూన్ల ఐస్ మీద ఫిగర్ స్కేటింగ్ క్యాంప్ 12 రోజులు ఉంది, ఫీజు, ట్రైన్ టికెట్లు దసరా బోనస్‌తోని కట్టేసిన్రు. ఇగ మిగిలింది బట్టలు. ఆన్‌లైన్ల కార్ట్ నింపితె 46,800 అయింది. క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ పెట్టాల్నా, రెండేండ్ల సంది కడుతున్న ఆర్డీ తియ్యాల్నా, లేకుంటె ఈ ఏడు సుకన్య కట్టుడు ఆపాల్నా అని అడిగింది.

అక్కా, మూడిట్ల ఏదీ వద్దు. మీరు పంపిన కార్ట్ ఫొటో మొత్తం చూసిన, ఇద్దరు పిల్లలకు రింక్ (ఐస్ పరిచిన స్కేటింగ్ జాగ) మీద వెచ్చగ ఉండేటట్టు 16 వేలల్ల అయితది, అది కూడ నాలుగు జీతాలల్ల కొంచెం కొంచెం కొనుక్కోవచ్చు. ఎట్లనో చెప్త.

ముందు ఈఎంఐ సంగతి. 46,800 మీద ఏడాదికి 16 శాతం వడ్డీ పడ్డదనుకుంటె నెలకు 4,246 కట్టాలె. పన్నెండు నెలలల్ల వడ్డీనే 4,155, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 750 దాక, ప్రాసెసింగ్ ఫీజు వేరె, అంటె తక్కువల తక్కువ 5 వేలు ఉత్తగనే పోతయి. నో కాస్ట్ ఈఎంఐ అని రాసినా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ మీ బిల్లులకు వస్తయి, చూసుకోండి. అంతకంటె పెద్ద కష్టం ఏందంటె మీకు మిగిలేదే 5 వేలు, దాంట్ల 4,246 ఈఎంఐకి పోతె జూన్ల స్కూల్ ఫీజులు, బుక్స్, యూనిఫాం వచ్చినప్పుడు చేతుల ఏముంటది, అప్పుడు మళ్ల కార్డే గీకాలె, ఒక్క నెల బిల్లు పూర్తిగ కట్టకపోతె కార్డు వడ్డీ నెలకు 3 శాతం పైనే పడ్తది. ఇంకోటి, 9 ఏండ్ల పిల్ల ఏడాదిల ఒక సైజు పెరుగుతది, ఈఎంఐ చివరి నెల కట్టేటప్పటికి ఆ జాకెట్ చేతులు మణికట్టు పైకి వస్తయి. పిల్లల బట్టలకు నేను ఎవరికైనా ఇదే చెప్త, బట్ట పొట్టిగయ్యే లోపల తీరని అప్పు దాని మీద చెయ్యొద్దు.

ఆర్డీ తీద్దామన్నా ఇప్పుడు రాదు. పోస్టాఫీస్ ఆర్డీ ఐదేండ్లది, మూడేండ్లు నిండితెనే మధ్యల మూయనిస్తరు, అప్పుడు కూడ ఆర్డీ వడ్డీ ఇయ్యరు, సేవింగ్స్ ఖాతా వడ్డీనే ఇస్తరు. 12 నెలల కిస్తీలు కట్టినోళ్లకు జమైన దాంట్ల సగం దాక లోన్ ఇస్తరు, వడ్డీ ఆర్డీ రేటు మీద ఇంకో 2 శాతం. ఇంట్ల ఎవరికన్న బాగలేనప్పుడు ఇది కార్డు కంటె చానా నయం, ఈ దారి ఒకటుందని గుర్తు పెట్టుకోండి, గని జాకెట్ల కోసం వాడొద్దు. సుకన్య అయితె అసలు ముట్టుకోవద్దు. ఏడాదికి కనీసం 250 కట్టినా ఖాతా నడుస్తది, అది నిజమే, గని ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీ పాప చదువు దాక పెరిగే పైసలు అవి, ఇప్పుడు ఆపిన 36 వేలకు ఇన్నేండ్ల వడ్డీ పోతది. ఆ 3 వేలు కూడ ప్రతి నెల 5వ తారీకు లోపల కట్టండి, 5 తర్వాత కడితె ఆ నెల వడ్డీ దాని మీద రాదు.

ఇగ బట్టలకొస్త, అసలు పైసలు తగ్గేది ఇక్కడనే. మీ కార్ట్ల రెండు స్కీ జాకెట్లకే 13 వేలు, స్కీ ప్యాంట్లకు 8 వేలు ఉన్నయి. అవి గుల్‌మార్గ్ లెక్క మంచుకొండల గాలికి చేసినయి. మీ పిల్లలు పొయ్యేది కప్పున్న రింక్, 2011ల సౌత్ ఏషియన్ వింటర్ గేమ్స్ కోసం కట్టింది, మధ్యల ఏండ్ల తరబడి మూతపడి 2025ల మళ్ల తెరిచిన్రు. అక్కడ ఈదురు గాలి ఉండదు, మంచు పడదు. ఇండోర్ రింకులల్ల గాలి మామూలుగ 10 నుంచి 15 డిగ్రీలు ఉంటది, అంటె మన దగ్గర డిసెంబర్ల తెల్లారుజామున పొలం గట్టు మీద ఉన్నట్టు. ఐస్ మాత్రం మైనస్ 3, మైనస్ 4 ఉంటది. అందుకనె చలి కింది నుంచి వస్తది, కాళ్లకు, పడ్డప్పుడు చేతులకు, పిరుదులకు ముందు తగుల్తది, ఛాతికి ఆఖర్ల. పైగా ఫిగర్ స్కేటింగ్ అంటె పిల్లలు పది నిమిషాలకే చెమట పడ్తరు, లావు జాకెట్ వేసుకుంటె చేతులు పైకి లేవయి, మోకాలు వంగుతున్నదా నడుము నిటారుగ ఉన్నదా కోచ్‌కు కనపడదు, ఐదు నిమిషాలల్ల వాళ్లే విప్పి బయట పడేస్తరు.

వెచ్చదనం పొరలతోని వస్తది. ఒంటికి అంటుకునేది పాలిస్టర్ థర్మల్, దాని మీద పలచని ఫ్లీస్ (మెత్తని నూగున్న స్వెట్టర్ లాంటిది), ఐస్ మీదికి పోక ముందు, దిగినంక వేసుకోవడానికి చేతులు లేని ప్యాడెడ్ జాకెట్. అంతే. లోపల కాటన్ బనీను వెయ్యకండి అక్కా, ఇది మన ఇండ్లల్ల అందరం చేసేదే, మెత్తగ ఉంటదని కాటన్ వేస్తం, గని కాటన్ చెమట పీల్చుకొని తడిగనే ఉంటది, పిల్ల ఆగంగనే ఆ తడి చల్లబడి వణుకు మొదలైతది. జీన్స్ కూడ వద్దు, సాగదు, పడ్డప్పుడు తడిస్తె ఆరదు. మెడ చుట్టు స్కార్ఫ్ మీ కార్ట్ల ఉంది, అది తీసేయండి, తిరుగుతున్నప్పుడు వేరె పిల్లల చేతికి చిక్కినా, బ్లేడ్ కింద పడ్డా ప్రమాదం. ఫ్లీస్ టోపీకి, నడుముకు వేలాడే తాళ్లు ఉంటె కూడ పీకేయండి. చెవులకు హెడ్‌బ్యాండ్ చాలు, అది హెల్మెట్ కింద కూడ పడ్తది. హెల్మెట్ కొత్తది అక్కర్లేదు, రోలర్‌కు పెట్టుకునేదే ఫస్ట్ క్యాంప్‌కు తీసుకపోండి.

సాక్సుల మీద జర ఎక్కువ చెప్త, ఎందుకంటె మీరు మందం ఉన్ని సాక్సులు ఆరు జతలు పెట్టిన్రు, 2,400. స్కేట్ షూ కాలికి గట్టిగ పట్టుకొని ఉండాలె, లోపల కాలు కదలొద్దు. మందం సాక్స్ వేస్తె ఒకటి షూ ఇరుకై రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడ్తయి, లేకుంటె ఒక సైజు పెద్ద షూ ఇస్తరు, అప్పుడు లోపల కాలు జారి చీలమండ తిరుగుతది. సన్నని సింథటిక్ సాక్స్, ఒక్కటే పొర. పిల్లకు తొడిగి పాదం కింద వేలుతోని రాసి చూడండి, ఎక్కడన్న ముడత తగిలితె ఆ జత వద్దు, అదే ముడత రెండు గంటల ప్రాక్టీస్‌ల బొబ్బ అయితది. పొద్దున ఒక జత, సాయంత్రం ఒక జత, తడిసింది మళ్ల వెయ్యొద్దు.

గ్లౌజులు మాత్రం తగ్గించొద్దు. 1,400ల స్కీ గ్లౌజ్ ఒక జత బదులు, సన్నగ అల్లిన 150 రూపాయల గ్లౌజులు మనిషికి మూడు జతలు కొనండి. కొత్తగ ఐస్ ఎక్కినోళ్లు మస్తు సార్లు పడ్తరు, పడ్డ ప్రతిసారి అరచేయి ఐస్ పొడిల తడుస్తది, అరగంటకు ఒక జత మార్చాలె. ఇంకో సంగతి, పిల్లలు లేచేటప్పుడు చేతులు ఐస్ మీద పెడ్తరు, పక్కనుంచి పోయే వాళ్ల బ్లేడ్ వేళ్లకు దగ్గరల్నే ఉంటది, గ్లౌజ్ చలి కోసమే కాదు, చర్మం కోసం. బాబు చిన్నోడు, వాడు విప్పేస్తడు, కోచ్‌కు ముందే చెప్పి పెట్టండి.

కింద ప్యాడెడ్ షార్ట్స్ మీ కార్ట్ల అసలే లేవు, అవి పెట్టండి, లెగ్గింగ్ లోపల వేసుకునేటియి. స్కేటింగ్ కాస్ట్యూమ్స్ 11 వేలు తీసేయండి, క్యాంప్‌ల పోటీ లేదు కద. ముందు ముందు పోటీకి పోయినా పాపకు ఫ్రాక్ ఉండాల్నని ఏం లేదు, 2004 సంది ఆడపిల్లలు అంతర్జాతీయ పోటీలల్ల ప్యాంట్ తోని కూడ ఆడొచ్చు. అప్పటికి కావాలంటె లైక్రా బట్ట తెచ్చి ఓవర్‌లాక్ మిషన్ ఉన్న టైలర్‌తోని కుట్టించొచ్చు.

జీఎస్టీ ఒకటి తెలుసుకోండి. 2025 సెప్టెంబర్ 22 సంది ఒక్కో బట్ట ధర 2,500 దాక ఉంటె 5 శాతం, దాటితె 18 శాతం. మీ 6,500 జాకెట్‌ల దగ్గర దగ్గర వెయ్యి రూపాయలు పన్నే. పొరలుగ కొంటె ప్రతిదీ 2,500 లోపలనే ఉంటది, పన్ను తక్కువ, పిల్లకు చలి పెరిగితె ఒకటి వేసుకుంటది తగ్గితె ఒకటి విప్పుతది. మే నెలల డెహ్రాడూన్ మధ్యాహ్నం బయట 35 డిగ్రీల దాక పోతది అక్కా, ఆ ఎండల నుంచి లోపలికి, లోపల నుంచి ఎండకు రోజు తిరుగుడే, స్కీ ప్యాంట్ వేసుకొని ఆటో ఎక్కలేరు.

ఎప్పుడు ఏది కొనాలె అంటె, సంక్రాంతి అయిపోయింది, నేపాలీ వాళ్ల స్వెట్టర్ దుకాణాలు లేపేసే టైం, షోరూములల్ల కూడ చలికాలం సరుకు క్లియరెన్స్‌ల పెడ్తరు. ఈ జనవరి జీతంల ఫ్లీస్‌లు రెండు 1,400, ప్యాడెడ్ జాకెట్లు రెండు 2,400 పెట్టుకోండి, ఇవి ఒక సైజు పెద్దవి తీసుకున్నా నడుస్తది. పాపవి నల్లయో నేవీ బ్లూనో కొనండి, గులాబీ రంగు వద్దు, రెండేండ్లకు అవే బాబుకు వస్తయి, అప్పుడు ఒక సెట్ ఖర్చు మొత్తం మిగులుతది. ఫిబ్రవరి జీతంల థర్మల్స్, మనిషికి రెండు సెట్లు, మొత్తం 4,800, ఒకటి ఉతికి ఆరేస్తె ఇంకోటి వేసుకోవడానికి, ఇవి సైజు సరిగ్గ ఉండాలె, వదులుగ ఉంటె మధ్యల చల్లగాలి దూరి పనికిరావు. డెకాత్లాన్ లాంటి దాంట్లకు పిల్లల్ని తీసుకపోయి తొడిగి చూసే కొనండి. మార్చి జీతంల ప్యాడెడ్ షార్ట్స్ 3 వేలు, గ్లౌజులు 900, హెడ్‌బ్యాండ్లు 300. సాగే లెగ్గింగులు, ట్రాక్ ప్యాంట్లు మనిషికి రెండు చొప్పున 2,400, సాక్సులు 800, ఇవి ఆఖరుకు, ఏప్రిల్ జీతం రాంగనే, ఎందుకంటె మూడు నెలలల్ల పిల్లల కాళ్లు ఎంత పొడుగైతయో చెప్పలేం. ప్యాంట్ మడమ కిందికి దిగితె బ్లేడ్ కింద పడ్తది, రెండు ఇంచులు లోపలికి మడిచి కుట్టించండి, కత్తిరించొద్దు, వచ్చే ఏడు ఆ కుట్టు విప్పితె సరిపోతది.

అంత కలిపితె 16 వేలు, ఏ నెల కూడ 5 వేలు దాటదు, నాలుగు నెలలల్ల 4 వేలు మిగులుతయి, అవి జూన్ బుక్స్‌కు పక్కన పెట్టండి. చక్రాల బ్యాగులు కూడ కొత్తయి వద్దు, రోలర్ బ్యాగులు ఉన్నయి కద, గని తడి బట్టలకు ఒక ప్లాస్టిక్ కవర్, బ్లేడ్ తుడిచేందుకు పాత టవల్ ముక్క వేసుకోండి.

ఒక్కటి మాత్రం ఇంట్ల నుంచి తీసుకపోండి, గొంగడి. మన పాలమూరు, నల్లగొండ దిక్కు కురుమోళ్లు డెక్కనీ గొర్ల ఉన్నితోని నేసేది, మీ అత్తగారింట్ల ఎవరి దగ్గరన్న తప్పకుంట ఉంటది. ఒంటికి గుచ్చుకుంటది కాబట్టి బట్టల మీద నుంచే కప్పాలె, గని పిల్లలు వరుసల నిలబడి ఎదురు చూసేటప్పుడు, ఐస్ దిగి బెంచ్ మీద షూ విప్పేటప్పుడు కాళ్ల మీద కప్పితె దానికి మించింది లేదు. చలి ఎక్కువ పట్టేది అప్పుడే, కదలకుంట కూసున్నప్పుడు. దిగంగనే ముందు తడి థర్మల్ మార్చి, తర్వాత కప్పండి.

ఇగ షూస్ గురించి మీరు రాయలేదు. చాలా రింకులల్ల స్కేట్లు కిరాయికి ఇస్తరు, మీ క్యాంప్ ఫీజుల కిరాయి కలిసి ఉన్నదా, పాప సైజు, బాబు సైజు అక్కడ దొరుకుతదా అని కోచ్‌ను ఈ వారంలనే అడగండి. కొనమంటె మాత్రం తొందర పడి ఆన్‌లైన్ల ఆర్డర్ పెట్టకండి, పాదం కొలిపించకుంట కొన్న స్కేట్ షూ పైసలు వెనక్కి రావు. కోచ్ ఏమన్నడో రాయండి, కొనాల్సే వస్తె దానికి వేరె లెక్క వేద్దాం.