సోలార్ తర్వాత, మొదట వెనక ఇరుసు చూడండి
1984 టయోటా డాల్ఫిన్ (టయోటా పికప్ మీద కట్టిన మోటర్‌హోమ్, అంటే ఇల్లులాంటి బండి) కొన్నానని, వెనక చక్రం దగ్గర ఆయిల్ కారుతోందని రాసి, లిథియం బ్యాటరీ ముందా సోలార్ ముందా అని అడిగారు. రెండూ కాసేపు ఆపండి సార్. మొదట వెనక చక్రం నట్లు లెక్కపెట్టండి. ఐదే ఉంటే అది మామూలు పికప్ ఇరుసు. బండి బరువు చక్రాన్ని తిప్పే షాఫ్ట్ మీదే పడుతుంది, అది విరిగితే చక్రాలతో సహా ఊడొస్తుంది. అందుకే వీటికి రీకాల్ (లోపం సరిచేయడానికి బళ్లను వెనక్కి పిలవడం) వచ్చింది. పాత ఓనరు ఇరుసు మార్పించానన్నా నమ్మకండి, మీ కళ్లతో చూడండి. ఆరు నట్లుండి, మధ్యలో హబ్ బయటికి పొడుచుకొచ్చి ఉంటే ఫుల్ ఫ్లోటింగ్ రకం, అంటే బరువు షాఫ్ట్ మీద పడదు, ఆ భయం లేదు. అప్పుడు ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీల్ మార్పించండి. బ్రేక్ షూలకి ఆయిల్ పట్టి ఉంటే కడిగి వాడొద్దు, కొత్తవే వేయించండి. లిథియం అంటారా, డీసీ టు డీసీ చార్జర్ (బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపులో ఉంచే పరికరం) లేకుండా నేరుగా కలిపితే, ఇంజన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆ పాత ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు.