రాతి బొమ్మకు రంగు వద్దు

ప్రశ్న: మా ఊరి కూడలిలో ఫౌంటెన్ మధ్యన, బిందె వంచి నీళ్లు పోస్తున్న ఆడమనిషి రాతి బొమ్మ ఉందండీ. పంపు పాడయ్యాక నీళ్లు రావడం లేదు గానీ పండగొస్తే చాలు ఎనామిల్ రంగు వేసేస్తున్నారు. ఇప్పుడు పెచ్చులూడుతోంది, తీసేసి సిమెంటు బొమ్మ పెడదామంటున్నారు. బాగుచేసే దారి ఉందా?
– ఒడిశాలోని గజపతి జిల్లా నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఉందండీ, దయచేసి తీయనివ్వకండి. ఊడిన పెచ్చు ఒకటి తిప్పి చూడండి, వెనక రాతిపొడి అంటుకుని ఉంటే నష్టం చేస్తున్నది ఆ రంగే. రాయి పీల్చుకున్న తడి బయటికి పోవాలి, ఎనామిల్ ఆ దారి మూసేస్తుంది, తడిలోని ఉప్పు రంగు కిందే పేరుకుని రాతి పైపొరను తోసేస్తుంది. అందులోనూ మీ కొండల్లో దొరికే ఖొండలైట్ అయితే మరీ సున్నితం, కోణార్క్ గుడిలో చెక్కడాలు అరిగిపోయింది కూడా ఆ రాయి మీదే.

ముంబైలో ఫ్లోరా ఫౌంటెన్ సంగతి మీవాళ్లకు చెప్పండి. 1864లో కట్టారు, ఇంగ్లండ్ నుంచి తెచ్చిన పోర్ట్‌లాండ్ రాయితో, పైన పూలదేవత ఫ్లోరా. దానికీ ఏళ్ల తరబడి పొరలు పొరలుగా రంగు పూసి ముక్కూ మొహం పూడ్చేశారు, నీళ్లూ ఆగిపోయాయి. ఓపిగ్గా ఆ పొరలు తీసి, పైపులు సరిచేసి, 2019 జనవరిలో మళ్లీ నీళ్లు వదిలారు. అంత పెద్దదే బాగయిందంటే మీ ఊరి బొమ్మకు ఆశ వదులుకోనక్కర్లేదు, ఆ చెయ్యి చెక్కినవాడి పనితనం సిమెంటు అచ్చులో రాదు గదా!

బిందె మూతి దగ్గర తెల్లగా గట్టిపడిందే, అది నీళ్లలోని సున్నం. బాత్రూం యాసిడ్ మాత్రం పొయ్యనివ్వకండి, వైరు బ్రష్షూ వద్దు. భువనేశ్వర్‌లో ఇన్‌టాక్ (పాత కట్టడాలు, కళాఖండాలు కాపాడే సంస్థ) వాళ్ల పరిరక్షణ కేంద్రం ఉంది, మునిసిపాలిటీ తరఫున వాళ్లకు ఫొటోలతో ఉత్తరం రాయించండి, బొమ్మ వెనకవైపు కనపడని చోట చిన్న ముక్కంత శుభ్రం చేసి చూశాకే మిగతాది ముట్టుకుంటారు. పంపు పని దానికంటే తేలిక, చాలాసార్లు జాలీలో చెత్తో నాజిల్‌లో సున్నమో అడ్డుపడి ఉంటుంది. అది తిరిగేదాకా తొట్టిలో వాననీళ్లు నిలవనివ్వకండి, వారం పది రోజుల్లో డెంగీ దోమ తయారవుతుంది.