అమెరికా తొలి జాతీయ ప్రభుత్వం రాష్ట్రాలతో అధికారాన్ని ఎలా పంచుకుంది?

ఇప్పటి రాజ్యాంగం రాకముందు, 1781 నుంచి 1789 వరకు, అమెరికా 'ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్' అనే ఒప్పందం మీద నడిచింది. బ్రిటిష్ రాజు పెత్తనం వదిలించుకోవడానికి పోరాడుతున్న 13 రాష్ట్రాలు ఇంకో పెత్తనాన్ని నెత్తిన పెట్టుకోదలచుకోలేదు. అందుకే రాష్ట్రాల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్‌కు స్పష్టంగా రాసిచ్చినవి తప్ప మిగతా అధికారాలన్నీ తమ దగ్గరే ఉంచుకున్నాయి.

యుద్ధం, సంధి, విదేశీ ఒప్పందాలు, తపాలా కాంగ్రెస్‌వి. పెద్ద రాష్ట్రమైనా చిన్నదైనా ఓటు ఒక్కటే. ముఖ్య నిర్ణయాలకు 9 రాష్ట్రాలు కావాలి. ఒప్పందాన్ని సవరించాలంటే 13కి 13 ఒప్పుకోవాల్సిందే.

అసలు చిక్కంతా డబ్బు దగ్గరే. కాంగ్రెస్‌కు పన్ను వేసే హక్కు లేదు. 'మీ వాటా ఇంత, పంపండి' అని రాష్ట్రాలను అడగాలి. పంపకపోతే చేసేదేమీ లేదు. దిగుమతుల మీద 5 శాతం సుంకం వేస్తామంటే 1782లో రోడ్ ఐలాండ్ రాష్ట్రం కాదంది. 13కి 13 ఒప్పుకోవాలి కాబట్టి అది ఆగిపోయింది. 1783 జూన్‌లో జీతం బకాయిల కోసం సైనికులు ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ కూర్చున్న భవనాన్నే చుట్టుముట్టారు. పెన్సిల్వేనియా ప్రభుత్వం తన మిలీషియాను (పౌరులతో కూడిన రాష్ట్ర దళాన్ని) పంపలేదు. సభ్యులు ఊరు వదిలి ప్రిన్స్‌టన్ వెళ్లిపోయారు. దేశం కోసం పోరాడినవాళ్లకు జీతమివ్వలేని ప్రభుత్వం! ఈ ఏర్పాటు లోపం ఇంతకంటే బాగా ఎక్కడా కనిపించదు.

అయినా దాన్ని పూర్తిగా తీసిపారేయలేం. ఒహాయో నదికి వాయవ్యాన ఉన్న ప్రాంతంలో బానిసత్వాన్ని నిషేధించి, అక్కడ కొత్త రాష్ట్రాలు పాతవాటితో సమానంగా చేరేందుకు 1787లో దారి వేసింది ఆ కాంగ్రెస్సే.