తోడికోడలి చేతిలో సంఘం డబ్బు

ప్రశ్న: మా పొదుపు సంఘంలో పది మందిమి. మా తోడికోడలు మొదటి లీడరు, నేను రెండో లీడరుని. బ్యాంకు లోను కిస్తీ నెలకు 50,000. తలా 5,000 అక్క చేతికే ఇస్తాం. మూడు నెలలుగా కిస్తీ పూర్తిగా పడలేదని బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. అక్కనడిగితే ‘నేను చూసుకుంటాలే’ అంటోంది. సభ్యులేమో నన్ను నిలదీస్తున్నారు. మా ఆయన ‘ఇంటి పరువు బజారున పెడతావా, ఆ సంఘం మానేయ్’ అంటున్నారు. నా గొలుసు కుదువపెట్టి కట్టేస్తే గొడవ పోతుందా?

జవాబు: గొలుసు జోలికి పోకండమ్మా. మీరు చాటుగా కట్టేస్తే ఈ నెల లెక్క సరిపోతుంది, కానీ డబ్బు ఎక్కడ ఆగిందో ఎప్పటికీ తేలదు. వచ్చే నెల మళ్ళీ ఇదే పరిస్థితి. పైగా గొలుసు సంగతి బయటపడిన రోజు ఇంట్లో రెండో గొడవ మొదలవుతుంది.

అక్క డబ్బు వాడుకుందని ఇప్పుడే తీర్మానించుకోకండి. సంఘాల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. కిస్తీ డబ్బు లోను ఖాతాలో కాకుండా సంఘం పొదుపు ఖాతాలో పడి, అక్కడే ఉండిపోతుంది. లోను ఖాతాలో మాత్రం బాకీ చూపిస్తుంది. ఒక్కోసారి ఒకరిద్దరు సభ్యులే ఆలస్యంగా ఇస్తారు, లీడరు మొహమాటానికి ఆ మాట బయట పెట్టదు. ఇవేవీ కాకపోతే, చేతిలో ఉన్న డబ్బు ఇంటి అవసరానికి ఖర్చయి, ‘రేపు కడదాం’ అనుకుంటూ నెలలు గడిచి ఉండొచ్చు. ఈ మూడింటిలో ఏదన్నది కాగితమే చెప్పాలి.

సంఘం పాసుపుస్తకం, మీ ఆధార్ తీసుకుని బ్యాంకుకు వెళ్ళండి. సంతకం పెట్టే అధికారం ఉన్న రెండో లీడరుగా స్టేట్‌మెంట్ అడగవచ్చు. పొదుపు ఖాతాది, లోను ఖాతాది రెండూ, ఆరు నెలలవి అడగండి. ఖాతాకు ఎవరి ఫోన్ నంబరు ఇచ్చి ఉందో కూడా కనుక్కోండి. మెసేజీలన్నీ ఒకే ఇంటికి పోతుంటే మిగతావాళ్ళకు విషయం ఆలస్యంగా తెలియడంలో వింత లేదు. తర్వాత ఊళ్ళో సంఘాల లెక్కలు రాసే వీఓఏను కూర్చోబెట్టుకుని ఒక కాగితం మీద గీతలు గీయండి: ఏ నెల, సభ్యుల పుస్తకాల ప్రకారం ఎంత వసూలైంది, బ్యాంకులో ఏ తేదీన ఎంత పడింది, తేడా ఎంత. పుస్తకాల్లో రాయించుకోని సభ్యులుంటే వాళ్ళు ఇచ్చిన నెల, మొత్తం రాసి సంతకం తీసుకోండి. వడ్డీ, బీమా కింద బ్యాంకు కోసుకున్నవి వేరే వరుసలో వేయండి. అవి కలిసిపోతే లేని తేడా ఉన్నట్టు కనబడుతుంది.

కాగితం చేతికి వచ్చాకే అక్కతో మాట్లాడండి. అత్తగారి ముందు వద్దు, ఫోన్‌లో వద్దు, సభ్యులను వెంటబెట్టుకుని అసలే వద్దు. ‘అక్కా, స్టేట్‌మెంట్ తెచ్చాను. 40,000 తేడా వస్తోంది. నేనేమైనా తప్పు చూశానేమో నువ్వూ చూడు’ అనండి, మీ కాగితంలో ఎంత వస్తే అంత చెప్పండి. ఆమెను బావగారు ఒత్తిడి చేసి ఉండొచ్చు, ఆసుపత్రి ఖర్చు వచ్చి ఉండొచ్చు. చెప్పనివ్వండి, మధ్యలో అందుకోకండి. వచ్చే మీటింగు దాకా గడువు ఇవ్వండి. కానీ మీటింగులో చెప్పనని మాట మాత్రం ఇవ్వకండి. ఆ మాట ఇచ్చారంటే రేపు సభ్యుల దృష్టిలో ఇద్దరూ ఒకటే అవుతారు.

ఆమె ఒప్పుకుంటే మీటింగులో తీర్మానం రాయించండి: ఎంత బాకీ, ఏ తేదీకల్లా ఎంత కడుతుంది, అందరి సంతకాలు. దాన్ని కొత్త అప్పుగా రాయకండి, కట్టాల్సిన బాకీగానే రాయండి. ఆమెకు నిజంగా అవసరం ఉంటే సంఘం సొంత డబ్బులోంచి ఇచ్చే అంతర్గత అప్పు అడిగే హక్కు ఆమెకూ ఉంది. అది వేరే తీర్మానం, వేరే రోజు. ఒప్పుకోకపోతే ఊళ్ళోని సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యకు, అక్కడా తేలకపోతే సంఘాలను పైనుంచి చూసుకునే సీసీకి, మండలంలో ఉండే ఏపీఎంకు రాతపూర్వకంగా ఇవ్వండి. లీడరును మార్చే తీర్మానం చేస్తే దాన్ని వెంటనే బ్యాంకులో ఇచ్చి సంతకాలు మార్పించండి. అక్కడ మారేదాకా పాత సంతకాలే చెల్లుతాయి.

ఈ నెల కిస్తీని మాత్రం ఆపకండి. ఇద్దరు సభ్యులు కలిసి వెళ్ళి నేరుగా లోను ఖాతాలోనే కట్టి, రసీదు మినిట్స్ పుస్తకంలో అతికించి, ఆ రోజే ఫొటో వాట్సాప్‌లో పెట్టండి. ఖాళీ విత్‌డ్రాయల్ ఫారం మీద ఎవరడిగినా సంతకం చేయకండి. కిస్తీ బాకీ 90 రోజులు దాటితే బ్యాంకు ఆ లోనును మొండి బాకీ కింద వేస్తుంది. సున్నా వడ్డీ రాయితీ కూడా సకాలంలో కట్టే సంఘాలకే. అంటే అక్క బాకీకి మిగతా తొమ్మిది మందీ నష్టపోతారు.

మీ ఆయన విషయం. ఆయన భయం అన్నగారితో చెడుతుందని. దాన్ని తీసిపారేయకండి. ‘సంఘం మానేసినా ఈ లోను మీద నా సంతకం పోదు. బ్యాంకువాళ్ళు అడిగేది నన్నూ’ అని స్టేట్‌మెంట్ ముందుంచి చెప్పండి. మీరు అక్కతో మాట్లాడేదాకా ఈ మాట అన్నగారి దగ్గరకు మోయవద్దని అడగండి, అంతవరకే. ఆయన మీటింగుకు పోనివ్వకుండా చెయ్యెత్తే పరిస్థితి వస్తే మాత్రం మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, అది సంఘం గొడవ కాదు.

అక్క కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు. మీరు మానకండి. పిల్లల రాకపోకలు ఆపకండి, వంటింట్లో లెక్కల మాట ఎత్తకండి. ఆ మాటలు మీటింగు చాప మీదే సాగనివ్వండి.